పెళ్లి హక్కు రాకపోయినా స్వలింగ జంటల చేతిలో ఉండాల్సిన కాగితాలు

సంపాదకులకు నమస్కారం.

స్వలింగ జంటల పెళ్లిని గుర్తించే పని పార్లమెంటుదేనని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న తేల్చింది. ఆ తీర్పుపై వేసిన రివ్యూ పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేసింది. అక్కడితో ఈ కథ ముగిసిందన్నట్టుగా మన పత్రికల్లో వార్తలు తగ్గిపోయాయి. కానీ ఆ తీర్పు తర్వాతే, ముఖ్యంగా 2024లో, నిత్యజీవితానికి పనికొచ్చే కొన్ని మార్పులు వచ్చాయి. బ్యాంకు కౌంటర్లో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్లో ఏం అడగాలో, ఏ కాగితం ఎంతవరకు నిలబడుతుందో తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ. తెలియక నష్టపోతున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఈ ఉత్తరం వాళ్ల కోసం.

ఆ కేసుకు మనతో బంధం ఉంది. మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో కాపురముంటున్న జంట. రాజ్యాంగం ప్రకారం పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో ఐదుగురు న్యాయమూర్తులూ ఒకే మాట చెప్పారు. కలిసి బతికే బంధానికి ప్రభుత్వం గుర్తింపు ఇచ్చి తీరాలా అన్న దగ్గర 3-2గా చీలిపోయారు. అయితే ఇలాంటి జంటలకు రోజువారీ ఎదురయ్యే ఇబ్బందుల్ని పరిశీలించడానికి కేబినెట్ కార్యదర్శి నేతృత్వంలో కమిటీ వేస్తామని కేంద్రం ఇచ్చిన మాటను తీర్పు నమోదు చేసింది. 2024 ఏప్రిల్‌లో ఆ కమిటీ ఏర్పడింది. అదే ఏడాది ఆగస్టులో రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, మృతదేహం అప్పగింతపై వేర్వేరు శాఖలు లేఖలు పంపాయి.

ఇవి చిన్న విషయాలని కొట్టిపారేసేవాళ్లకు అమెరికా చరిత్ర చూడమని చెప్పాలి. ఆ దేశమంతటికీ స్వలింగ వివాహ హక్కు తెచ్చిన జిమ్ ఓబర్‌గెఫెల్ కోర్టుకెక్కింది ఒక మరణ ధ్రువపత్రం కోసం. ఆయన జీవిత భాగస్వామి జాన్ ఆర్థర్ నరాల జబ్బు ఏఎల్‌ఎస్‌తో మంచం పట్టారు. సొంత రాష్ట్రం ఒహాయోలో వాళ్ల పెళ్లి చెల్లదు. అందుకని వైద్య సదుపాయాలున్న చిన్న విమానంలో మేరీలాండ్ వెళ్లి, 2013 జులై 11న రన్‌వే పక్కన ఆగిన ఆ విమానంలోనే పెళ్లి చేసుకున్నారు. ఆర్థర్ చనిపోతే ధ్రువపత్రంలో భర్త పేరు రాయబోమని ఒహాయో చట్టం చెప్పింది. ఆ ఒక్క గడి కోసం వేసిన దావా 2015 జూన్ 26న తీర్పుగా మారింది. అంతకు రెండేళ్ల ముందు సరిగ్గా అదే తేదీన గెలిచిన ఈడీ విండ్సర్ కేసు పన్ను గురించి. తోడుగా బతికిన థియా స్పైయర్ పోయాక వారసత్వ పన్ను కింద ఆమె 3,63,053 డాలర్లు కట్టాల్సి వచ్చింది. భర్త చనిపోయిన భార్యకైతే ఆ పన్ను పడదు. ఇద్దరూ పోరాడింది కౌంటర్ దగ్గర నిరాకరించిన కాగితం కోసమే.

ముందు బ్యాంకు సంగతి. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన ప్రకటన ప్రకారం క్వీర్ (స్వలింగ, ట్రాన్స్‌జెండర్ తదితర) జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదు. నిజానికి బంధుత్వం లేని ఇద్దరు ఉమ్మడి ఖాతా తెరవకూడదన్న నిబంధన మునుపు కూడా లేదు. బ్రాంచిలో ‘మీ ఇద్దరికీ సంబంధం ఏమిటి’ అని ఆపేస్తుంటారు. అలాంటప్పుడు ఆ ప్రకటన ప్రతి ముందుపెట్టి, నిరాకరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వమనండి. చాలాచోట్ల పని అక్కడే అవుతుంది. కాకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. రుసుము లేదు.

ఖాతా తెరవడం కన్నా ముఖ్యం దాన్ని ఎలా నడపాలని ఎంచుకున్నారన్నది. ఫారంలో ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అని ఉండాలి, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు ఖాతా నడపవచ్చు. ‘జాయింట్లీ’ అని టిక్ పెడితే ప్రతి లావాదేవీకీ రెండు సంతకాలు కావాలి, ఒకరు ఐసీయూలో పడిన రోజే డబ్బు ఆగిపోతుంది. ఎఫ్‌డీ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒకరు చనిపోతే రెండోవారు గడువుకు ముందే డిపాజిట్ తీసుకోవచ్చని ఇద్దరూ ముందే సంతకం చేసిన అనుమతి బ్యాంకు దగ్గర ఉండాలి. అది లేకపోతే పోయినవారి వారసుల సంతకాలు తెమ్మంటారు. ఉమ్మడి ఖాతాలో నామినీ పాత్ర ఇద్దరూ పోయాకే మొదలవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్ ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలొచ్చింది.

నామినీగా పేరుంటే డబ్బు తనదైపోతుందని అందరూ నమ్ముతారు. అది తప్పు. నామినీ కేవలం డబ్బు అందుకునే మనిషి, అసలు హక్కు వారసులదని సుప్రీంకోర్టు 1983లో జీవిత బీమా విషయంలో, 2023 డిసెంబరు 14న షేర్ల విషయంలో చెప్పింది. బీమా చట్టానికి తర్వాత సవరణ తెచ్చి తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదేనన్నారు. ఆ జాబితాలో మన జంటలు లేరు. భవిష్య నిధి ఇంకా కఠినం. చందాదారుకు ఆ పథకం చెప్పే ‘కుటుంబం’ ఉంటే, బయటివారి పేరుమీద చేసిన నామినేషన్ చెల్లనే చెల్లదు. తనపై ఆధారపడిన తల్లిదండ్రులు కూడా ఆ కుటుంబంలోకే వస్తారు. కుటుంబం లేనివారు ఎవరినైనా పెట్టుకోవచ్చు గానీ, తర్వాత కుటుంబం ఏర్పడితే ఆ నామినేషన్ రద్దవుతుంది. కాబట్టి పీఎఫ్ సొమ్ము భాగస్వామికి దక్కుతుందని లెక్క వేసుకోవద్దు. ఆ లోటు మరో పొదుపుతో పూడ్చుకోవాలి.

అన్నిటికీ వెన్నెముక వీలునామా. అది రాయకుండా చనిపోతే ఆస్తిని చట్టం ఎవరికిస్తుందో చూడండి. పెళ్లికాని హిందూ యువకుడి ఆస్తి మొదట తల్లికి వెళుతుంది. పెళ్లికాని యువతిది తల్లిదండ్రులకు. ఇంట్లోవాళ్ల ఒత్తిడికి ఒక మగవాడిని పెళ్లి చేసుకుని, ఇమడలేక బయటికొచ్చి, విడాకులు మాత్రం తీసుకోని స్త్రీ పరిస్థితి మరీ అన్యాయం. పిల్లలు లేకపోతే ఆమె కష్టార్జితం ఆ భర్తకే పోతుంది, ఆయన లేకపోతే ఆయన వారసులకు. ఆమె తల్లిదండ్రులు కూడా ఆ తర్వాతే. ఏళ్ల తరబడి ఆమెతో కలిసి బతికిన మనిషి ఆ వరుసలో ఎక్కడా లేదు.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. రాసేవారు సంతకం పెట్టాలి, కనీసం ఇద్దరు సాక్షులు దానికి సాక్ష్యంగా తమ సంతకాలు చేయాలి. ఇదంతా ఒకేసారి అందరూ ఎదురెదురుగా కూర్చుని చేస్తే తర్వాత పేచీ ఉండదు. భాగస్వామిని సాక్షిగా పెట్టకండి. క్రైస్తవుల వీలునామాలో సాక్షికి రాసిన ఆస్తి ఆ సాక్షికి దక్కదు. హిందువులకు ఆ సెక్షన్ వర్తించకపోయినా కోర్టులో అనుమానానికి తావిస్తుంది. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతు మించి రాయలేరు. సాక్షులు మీకంటే వయసులో చిన్నవాళ్లయితే మేలు, ఎందుకంటే రేపు వివాదం వస్తే వాళ్లలో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి.

ఇలాంటి వీలునామాలు ఓడిపోయేది ఎక్కువగా ఒకే కారణంతో. సొంత తల్లిదండ్రుల్ని కాదని ‘పరాయి’ మనిషికి రాశారు, రాయించింది కూడా ఆ మనిషే అన్న వాదన. సహజ వారసుల్ని పక్కనపెట్టడం, లబ్ధి పొందేవారే దగ్గరుండి రాయించడం అనుమానాస్పద పరిస్థితులని 1958 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. విరుగుడు వీలునామాలోనే ఉండాలి. ఎందుకు రాస్తున్నారో రెండు వాక్యాలు చేర్చండి. సంబంధం పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ‘నాతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ నా బాగోగులు చూసుకుంటున్న’ అన్నా సరిపోతుంది. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు ఏమిస్తున్నారో, ఏమీ ఇవ్వకపోతే ఎందుకో కూడా రాయండి. ఆ రోజు తేదీతో డాక్టరు దగ్గర మానసిక ఆరోగ్య ధ్రువపత్రం తీసుకుని జతచేయండి. సంతకాలప్పుడు భాగస్వామి ఆ గదిలో లేకపోవడమే మంచిది. ఇంటి డోర్ నంబరు, సర్వే నంబరు, ఖాతాల నంబర్లు రాసి, చివర ‘ఇందులో చెప్పని మిగతా ఆస్తులన్నీ’ అన్న వాక్యం తప్పక చేర్చండి. అది మరిస్తే ఆ తర్వాత కొన్న స్కూటరు కూడా వారసుల వాటాలోకి పోతుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే బలం. ఇంట్లో తెలుస్తుందేమోనని భయపడేవారు ఎక్కువ. రాసినవారు బతికుండగా రిజిస్టరైన వీలునామా నకలు వేరేవాళ్లకు ఇవ్వరు. ఇంకా గోప్యత కావాలంటే రిజిస్ట్రేషన్ చట్టంలోని 42వ సెక్షన్ ఉంది, దీని గురించి చాలామంది వినను కూడా లేదు. వీలునామాను కవరులో పెట్టి సీలు వేసి, కవరు మీద వీలునామా రాసినవారి పేరు, లోపలున్నది ఏ పత్రమో రాసి జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పగించవచ్చు. ఆయన కవరు తెరవరు. పైన రాసింది అయిదో నంబరు పుస్తకంలో ఎక్కించి, అందుకున్న రోజు, గంటతో సహా నమోదు చేసి, నిప్పంటుకోని పెట్టెలో భద్రపరచాలని చట్టమే చెబుతోంది. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. మరణం తర్వాత దరఖాస్తు చేసినవారి ఎదుట తెరుస్తారు. కాబట్టి అలాంటి కవరు అక్కడుందన్న సంగతి భాగస్వామికి తెలిసి ఉండాలి.

బతికుండగానే గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసిచ్చేద్దాం అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆదాయపు పన్ను చట్టం చెప్పే ‘బంధువు’ నిర్వచనంలోకి రానివారికి ఏడాదిలో 50,000 రూపాయలు మించి బహుమతి ఇస్తే పుచ్చుకున్నవారి ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు. అదే ఆస్తి వీలునామా ద్వారా వస్తే ఆ పన్ను లేదు. ఈ వివక్షను ఒక జంట 2025లో బాంబే హైకోర్టులో సవాలు చేసింది.

ఆసుపత్రి దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ (తమ తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) ఉంటే చాలని కొందరు నోటరీ చేయించుకుంటున్నారు. స్పృహలో ఉన్నప్పుడు అది పనికొస్తుంది. రాసినవారి మతిస్థిమితం పోతే అలా ఇచ్చిన అధికారం ముగుస్తుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. అంటే కోమాలోకి వెళ్లినప్పుడు, సరిగ్గా అవసరమైనప్పుడే, దాని బలం ప్రశ్నార్థకం. కోలుకునే ఆశ లేని దశలో వైద్యం ఆపడం గురించైతే, తన ఇష్టాన్ని ముందే రాసిపెట్టే లివింగ్ విల్ ఉంది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు సడలించిన పద్ధతిలో ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. అందులో గార్డియన్‌గా భాగస్వామి పేరు రాయవచ్చు.

వీటన్నిటికన్నా సూటిగా మన జంటల్ని కాపాడే చట్టం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. దాని 14వ సెక్షన్ కింద మేజరైన ఎవరినైనా ‘నామినేటెడ్ రిప్రజెంటేటివ్’గా, అంటే మానసిక వైద్యం విషయంలో తన తరఫు ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. రక్తసంబంధం అడగదు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది, అవతలివారు ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. మనం ఎంచుకున్న మనిషి మొదటి వరుసలో ఉంటారు, బంధువులు ఆ తర్వాతే. కూతురు ఇంకో అమ్మాయిని ప్రేమించిందని తెలియగానే ‘మతి చెడింది’ అంటూ మానసిక ఆసుపత్రిలో చేర్చే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. రోగి తనంతట తాను నిర్ణయించుకోలేని స్థితిలో చేర్చుకోవాలంటే దరఖాస్తు చేయాల్సింది ఈ నామినేటెడ్ రిప్రజెంటేటివే. ముందే ఆ కాగితం రాసి ఉంటే దొంగదారిన చేర్పించడం కష్టం. స్వలింగ ప్రేమ జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే ప్రకటించింది. ‘మార్చేస్తాం’ అంటూ చేసే కన్వర్షన్ థెరపీ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022 ఆగస్టులో రాష్ట్రాల వైద్య మండళ్లకు రాసింది. అలాంటి డాక్టరుపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయాలి. ప్రిస్క్రిప్షన్లు, బిల్లులు పారేయకండి, సాక్ష్యం అవే.

మృతదేహం అప్పగింతపై కేంద్ర ఆరోగ్య శాఖ రాసిన లేఖ సగం మేలే చేసింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామికి ఇవ్వవచ్చని అంది. బంధువులు వచ్చి అడ్డుపడితే ఏం చేయాలో చెప్పలేదు. రాష్ట్ర ప్రభుత్వాలు జీవో ఇచ్చి తేల్చాల్సిన విషయం ఇది.

ఇక అత్యవసరమైనది, ఇంట్లో బంధించిన సందర్భం. మేజరైన ఇద్దరమ్మాయిలు కలిసి ఉండటం నేరం కాదు. అయినా ఇల్లు విడిచిన కొన్ని గంటల్లోనే ‘మిస్సింగ్’ కేసు, తర్వాత బంగారం ఎత్తుకెళ్లిందనో కిడ్నాప్ అనో మరో ఫిర్యాదు పడుతుంది. అందుకని ఇల్లు విడిచేవారు పదో తరగతి మెమో, ఆధార్, చదువు సర్టిఫికెట్లు తప్ప ఇంటి నగలేవీ తీసుకోకూడదు. బయలుదేరిన రోజే ‘నా ఇష్టప్రకారం వెళ్తున్నాను, నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు’ అని రాసి, వయసు రుజువు జతచేసి, స్థానిక స్టేషన్ అధికారి (ఎస్‌హెచ్‌ఓ)కీ ఎస్పీకి లేదా కమిషనర్‌కూ స్పీడ్ పోస్టులో పంపాలి. రసీదు ఫొటో తీసి నమ్మకమైన స్నేహితురాలికి పంపి ఉంచాలి. కొత్త చిరునామా ఆ ఉత్తరంలో రాయనక్కర్లేదు.

బలవంతంగా తీసుకెళ్లి బంధిస్తే రెండు దారులున్నాయి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 100వ సెక్షన్ కింద ఆర్డీఓ లేదా ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ సోదా వారంట్ ఇవ్వవచ్చు. చిరునామా కచ్చితంగా తెలిసినప్పుడు ఇది త్వరగా అవుతుంది. రెండోది హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరే పిటిషన్. 2024 మార్చి 11న దేవు జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు హైకోర్టులకు మార్గదర్శకాలిచ్చింది. పిటిషన్ వేసింది భాగస్వామో స్నేహితులో అయితే ‘నీకేం సంబంధం’ అని లోతుగా ఆరా తీయకూడదు. కేసును ముందుగా వినాలి. బంధించిన వ్యక్తిని న్యాయమూర్తులు తల్లిదండ్రుల్లేకుండా ఏకాంతంగా కలిసి ఆమె ఇష్టం కనుక్కోవాలి. ఆమె మనసు మార్చడానికి కౌన్సెలింగ్‌కు పంపకూడదు. వెళ్తానంటే వెంటనే విడిచిపెట్టాలి, అవసరమైతే పోలీసు రక్షణ ఇవ్వాలి. పోలీసులు ఈ తీర్పు చూడలేదంటే ప్రతి చూపించాలి, పిటిషన్లోనే జతచేయాలి. ఇది మన దగ్గర పనిచేసింది కూడా. 2024 డిసెంబరులో విజయవాడకు చెందిన ఒక యువతి తన భాగస్వామిని నర్సీపట్నంలో తండ్రి బంధించాడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్తే, జస్టిస్ ఆర్. రఘునందన్ రావు, జస్టిస్ కె. మహేశ్వరరావు ధర్మాసనం ఆ ఇద్దరూ కలిసి బతికే స్వేచ్ఛను నిలబెట్టింది.

లాయరు ఫీజుకు భయపడి ఆగిపోవద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో కలుపుతారు. గే యువకులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది, ఎస్సీ ఎస్టీలైతే అదీ లేదు.

పార్లమెంటు కదలకపోయినా మన రెండు ప్రభుత్వాలు చేయగలిగినవి ఉన్నాయి. తమిళనాడు 2022లో పోలీసుల ప్రవర్తనా నియమాలకే సవరణ చేసి ఎల్‌జీబీటీ వ్యక్తుల్ని వేధించకూడదని రాసుకుంది. ఆ ఒక్క సవరణ ఇక్కడా తేవాలి. జంటను ఒకే కుటుంబంగా చూడాలన్న కేంద్రం లేఖ ప్రకారం రేషన్ దరఖాస్తులో సంబంధం గడి మార్చాలి. అది మీసేవ కేంద్రం, గ్రామ సచివాలయం లాగిన్ దాకా చేరాలి. కుటుంబ సభ్యులకిచ్చే గిఫ్ట్ డీడ్‌పై ఉన్న స్టాంపు డ్యూటీ రాయితీని ఈ జంటలకూ వర్తింపజేయడం రాష్ట్రాల చేతిలోనే ఉంది. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదని మద్రాసు హైకోర్టు 2025 మే 22న చెప్పిన మాట మన అధికారులూ చదవాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఇద్దరమ్మాయిలు ఇల్లు విడిచిన వార్తల్లో పోలీసు నోట్‌లో ఉన్న ఫొటో, ఊరు, హాస్టల్ పేరు, తండ్రి పేరు యథాతథంగా అచ్చువేయకండి. మేజర్లని తెలిసిన తర్వాత కూడా వాటిని ప్రచురిస్తే, హైకోర్టులో పిటిషన్ నంబరు పడకముందే వెతుకుతున్న బంధువులు ఆ హాస్టల్ గేటు దగ్గరుంటారు. జిల్లా ఎడిషన్ల విలేకరులకు ఈ మేరకు రాతపూర్వకంగా సూచన పంపండి.

ఇట్లు,
న్యాయ సహాయ కార్యకర్తలు,
విజయవాడ